ఏడు నంబర్లు

ఆ కుర్చీలో వద్దు తమ్తా, దాని కాలొకటి నమ్మకద్రోహి.
ఇందులో కూర్చో.
రియోని గాలికి వంతెన మీద బాగా వణికినట్టున్నావు.
నీ కాగితాలకు చోటిస్తానుండు,
ఈ గింజలు పక్కకు జరపనీ.

మీ వయసెంత? రాసుకో, డెబ్బై తొమ్మిది.
మీకు ఎన్నేళ్లున్నట్టు అనిపిస్తుంది?
ఇదేం ప్రశ్న పిల్లా, ఏ పెద్దమనిషి రాశాడు?
మెట్ల మీద తొంభై.
రేడియోలో వాన కబురు చెప్పేవాడి గొంతు బాగున్న రోజు యాభై.
తెల్లారగట్ల, నిద్రకీ మెలకువకీ నడుమ,
ఇరవై మూడు. అటూ ఇటూ కాదు.
చెవులకు హెడ్‌ఫోన్, ఎదురుగా నూట ఇరవై రంధ్రాల బల్ల,
కుతైసీ ఊరంతా
నా వేళ్ల సందుల్లోంచి మాట్లాడుకుంటూ ఉంటుంది.
నీ గడిలో ఒక్క అంకెకే చోటుంది కదూ.
నీకు నచ్చింది వేసుకో.

మతిమరుపు?
పొయ్యి మీద ఉడుకుతున్నదాంట్లో ఉప్పు వేశానో లేదో తెలీదు.
తోళ్ల ఫ్యాక్టరీ నంబరు మాత్రం
రెండు నాలుగు ఏడు ఒకటి.
ఫ్యాక్టరీ కూలింది, గోడల్లో అత్తిమొక్కలు మొలిచాయి.
నంబరు కూలలేదు.

మొన్న బజార్లో చెయ్యి చాపి నిలబడిపోయాను.
ఆ నారింజరంగు పండు,
చలికాలం దారానికి గుచ్చి కిటికీలో వేలాడదీస్తామే,
అమ్మ చేతిలో తొక్క తెగకుండా ఒకే చుట్టగా ఊడి వచ్చేది,
కత్తి పిడి ఏ రంగో కూడా చెప్పగలను,
పేరొక్కటే లైన్లోకి రాలేదు.
'ఒక్క నిమిషం ఆగండి, కలుపుతున్నాను'
అని నాకు నేనే చెప్పుకున్నాను డ్యూటీ గొంతుతో.
రాత్రి కట్టుడుపళ్లు గ్లాసులో వేస్తుంటే కలిసింది.
కరాలియోకి!
అప్పుడెవరికి చెప్పను?
గ్లాసుకి చెప్పాను.

ఇప్పుడు మీ జీవితంలో ఎంతమంది ఉన్నారు?
ఆ సొరుగు లాగు. నీలం అట్ట పుస్తకం.
తిన్నని గీత కొట్టిన వాళ్లు పోయినవాళ్లు.
వంకర గీతల వాళ్లు బతికే ఉన్నారు,
ఆ గీత చావు గీసింది కాదు, నేను గీసింది.
నవ్వుతావేం?
డెబ్బై దాటాక ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుని
ఎవరితో మాట్లాడాక ఒళ్లు బరువెక్కుతుందో చూసుకున్నాను.
బ్యాంకు మేనేజరు భార్య పోయింది,
అప్పు కావలసినప్పుడే చుట్టరికం గుర్తొచ్చే మేనత్త కొడుకు పోయాడు,
గివి పోయాడు, నలభై ఏళ్లుగా ఒకటే జోకు వాడిది.
ఒతార్ పేరేదని వెతక్కు.
ఆయనకు విడిగా నంబరెప్పుడుంది,
ఇదే ఇల్లు కదా.

మిగిలింది ఏడు.
ఏడు దగ్గర నీ పెన్ను ఆగింది, చూశాను.
జాలిపడకు. నూట ఇరవై తీగలు ఒక్కసారి మోగితే
ఏ మనిషి మాటా వినబడదు,
ముప్ఫై ఒక్కేళ్లు అదే పని చేశాను.

ఆ ఏడోది?
ఎతేరి.
మాకు మాటల్లేవు.
కరెంటు లేని చలికాలం, రొట్టెల క్యూలో,
అందరి ముందూ నన్నొక మాట అంది.
ఏ మాటో, ఒట్టు, గుర్తులేదు.
కోపం మాత్రం ఇప్పటికీ వేడిగా ఉంది,
పళ్లెం కడిగేసినా చేతికంటిన వెల్లుల్లి వాసనలా.
ప్రతి గురువారం రాత్రి తొమ్మిదికి
ఆ నంబరు తిప్పుతాను.
ఎత్తుతుంది. మాట్లాడదు.
నేనూ మాట్లాడను.
ఆమె గోడగడియారం వినిపిస్తుంది, ఆ వెనక దగ్గు.
కాసేపయ్యాక పెట్టేస్తుంది.
ఎవరు ముందు పెట్టేయాలన్నది ఆమె వంతే, ఎందుకో.
పోయిన వారం గడియారం వినపడలేదు.
దగ్గు ఉంది.

దీనికి మీ గడుల్లో చోటుందా?
స్నేహం కింద వేస్తావా, శత్రుత్వం కిందా?
ఖాళీగా వదిలెయ్యి, మీ మాస్టారు తిడితే నా పేరు చెప్పు.

ఆఖరి ప్రశ్న చదువు, అద్దాలు నాకు అందవు.
భవిష్యత్తు గురించి ఆలోచిస్తారా?
గురువారం.
అంతే, గురువారం అని రాయి.
ఆ గడియారానికి కీ ఇచ్చే ఓపిక ఆమెకు ఉందో లేదో.
ఆ రాత్రి నీకు పనేం లేకపోతే నువ్వూ వచ్చి...

వద్దులే.
అది ఇద్దరి ఫోను.